కామన్న పండగ పాలు

ఎదురుగా ఉండే యాపచెట్టు ఎంతసేపటికీ దగ్గరికి రాలేదు. ఆటో పోతానే ఉంది, ఇంజను పటపటమంటానే ఉంది, చెట్టు మాత్రం ఉన్నచోటనే ఉంది. ఆటో తోలేవానికి చెట్టు దగ్గరికి రావల్ల, పక్కకు రావల్ల, ఎనక్కి పోవల్ల. అంతేకదప్పా చెట్టు చేసే పని! ఇన్నేండ్లుగా ఈ రోడ్డుమీద తోలతాండాడు గానీ ఇట్లా మొండికేసిన చెట్టును ఈరేషు ఎప్పుడూ చూడలేదు.

"ఏమయ్యా, నిద్రపోతాండావా? ఎద్దులబండి కూడా మనల్ని దాటిపోయె!" అని ఎనక సీట్లోంచి కసిరింది మల్లేశ్వరి. ఆమె ఈరేషు పెండ్లాము. ఆమె పక్కన అతని తల్లి హనుమంతమ్మ, ఆ పక్కన ఎదురింటి ఎల్లమ్మ. ముగ్గురి ఒళ్ళోనూ పూలు, టెంకాయలు, ఆకువక్కలు. ఆదోనిలో పండగ సామాను కొనుక్కోని పెద్దకడుబూరు పక్కన ఉండే తమ ఊరికి పోతాండారు.

ఈరేషు ఒంటిమీద మల్లేశ్వరి పెండ్లినాటి ఎర్రచీర ఉంది. చేతులకు గాజులు, ముక్కుకు నొక్కుడు ముక్కుపుడక, నెత్తిన సవరం, సవరం నిండా మల్లెపూలు. మీసం మాత్రం అట్లనే ఉంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. వాళ్ళ ఊళ్ళో కామన్న పండగనాడు, అదే హోళీనాడు, మొక్కున్న మొగోళ్ళు చీరలు కట్టి రతీమన్మథులకు పూజ చేస్తారు. చదువుకున్నోడూ కడతాడు, మీసం మెలేసే పెద్దమనిషీ కడతాడు, ఎవరూ సిగ్గుపడరు. పోయిన వానల్లో కూతురు రాధికకు విషజొరం వచ్చి కండ్లు తేలేస్తే, "తల్లీ, నా బిడ్డను బతికించు, చీర కట్టుకోని నీ గుడికొస్తా" అని మొక్కినాడు ఈరేషు. బిడ్డ బతికింది. అందుకే ఈ చీర. పొద్దున తలకు పోసుకున్నప్పట్నుంచి సాయంత్రం గుళ్ళో నైవేద్యం పెట్టేదాకా దాన్ని విప్పకూడదు. ఇంకొకటి కూడా ఉంది. చీర కట్టినవాడు ఆ పూటకు మనిషి కాదు, రతీదేవి. ఎవరేమి పెట్టినా తినల్ల, ఎవరేమి పోసినా తాగల్ల. వద్దంటే మొక్కు చెల్లదు. ఆ వద్దనకూడదన్న మాటే ఇప్పుడు ఈరేషు కొంప ముంచింది.

మధ్యాన్నం ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మల్లికార్జునయ్య ఇంటిముందు ఆటో ఆపినాడు. మల్లేశ్వరి తమ్ముడు బజారి ఆ సావుకారు దగ్గర సరుకు బాడిగకు ట్రాలీ ఆటో తోలతాడు. ఆ రోజు గోడౌన్లో పత్తిచెక్క మూటలు ఎత్తుకోని ఎనకమాల ఊరికి రావల్ల. రాధిక "నేను మామ బండిలోనే వస్తా" అని మొండిపట్టు పట్టి, ట్రాలీ ముందు సీట్లో కాళ్ళూపుకుంటా కూర్చుండింది. ఈరేషు చీర చూసి సావుకారు కొడుకు సుధీర్, అతని సావాసగాళ్ళు ఈలలేసినారు. "రావమ్మా ఈరమ్మా!" అని అతన్నొక్కన్నే లోపలికి పిల్చుకపోయి, పెద్ద స్టీలు గ్లాసునిండా చల్లటి బాదంపాలు పోసినారు. పాలల్లో ఏందో పచ్చని నలక. నాలుకకు గరుకుగా తగిలింది. వద్దనకూడదు గదా, గటగటా తాగేసినాడు. సుధీర్ ఇంకొక గ్లాసు పోసి, "దీని రుచి ఇప్పుడు తెలీదు ఈరమ్మా, గంట పోయినాక తెలుస్తాది" అని కన్నుగొట్టినాడు. సావుకారు భార్య అలివేలమ్మకు ఇవేమీ తెలీదు పాపం. ఆ గిన్నెలోదే ఒక గ్లాసు ముంచుకోని గోడౌన్ దగ్గరికి తీసుకపోయి బజారి చేతికిచ్చింది. పాలంటే మొగం తిప్పుకునే బజారి కూడా దండం పెట్టి అందుకున్నాడు. ఈరేషు ఆ గ్లాసు అందుకోవడం కండ్లారా చూసే బయల్దేరినాడు.

ఆ గంట ఇప్పుడు అయినట్టుంది. ఈరేషు నోరు పిడచకట్టుకపోయింది. చేతుల్లో హ్యాండిలు తనది గాదన్నట్టు ఉంది. యాపచెట్టు ఎట్లనో దాటిపోయింది, ఎప్పుడు దాటిందో తెలీలేదు. దాని ఎనకాల నుంచి పోలీసులు బయటపడినారు.

పండగపూట రోడ్డుకు అడ్డంగా ఇనుప స్టాండ్లు పెట్టి వచ్చే బండి, పోయే బండి ఆపుతాండారు. ఈరేషుకు పైప్రాణాలు పైనే పోయినాయి. పట్టుకుంటారు. చీరమీదనే స్టేషన్లో కూర్చోబెడతారు. ఫోటో తీస్తారు. ఊరంతా చూస్తారు.

"ఏమక్కా, యాడికి?" అని నవ్వినాడు రాజశేఖర్ అనే కానిస్టేబులు. నోటిముందు గొట్టం పెట్టి, "గట్టిగా ఊదు" అన్నాడు.

ఊదినాడు. గుండె గొట్టంలోకి వచ్చి పడతాదేమో అనిపించింది. రాజశేఖర్ మిషను చూసి, "సున్నా. భలే పతివ్రతవే! పో, పో" అని స్టాండు పక్కకు జరిపినాడు. ఎనక సీట్లో ఆడోళ్ళు పకపకా నవ్వినారు. ఈరేషు కూడా నవ్వినాడు. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాడు. సారాయి వాసన పట్టే మిషనుకు ఆకు సంగతి ఏం తెలుస్తాది? గడవాల్సిన గండం ముందుంది, పిచ్చోడు!

కాలువ వంతెన వచ్చింది. యాపచెట్టు రాక రాక ఏడిపించింది గదా, వంతెన గోడ మాత్రం ఒక్క దూకున మీదికొచ్చింది. ఉన్నట్టుండి అద్దంనిండా సిమెంటే. మల్లేశ్వరి "అయ్యో!" అని అరిచిందో, అరవబోయిందో. ఈరేషు కాలు బ్రేకుమీద ఎప్పుడు పడిందో వానికే తెలీదు. ముందుచక్రం గోడకు కొట్టుకోని ఆగింది. హనుమంతమ్మ ఒళ్ళోంచి టెంకాయ ఎగిరి గోడమీదుగా కాలువలో పడింది. అది నీళ్ళల్లో బుడుంగుమన్న చప్పుడు ఎంతసేపటికి వినపడిందో! అంతసేపూ ఈరేషు దాన్నే వింటా కూర్చున్నాడు. ఆ టెంకాయ బదులు తన తల్లి, తన పెండ్లాము.

దిగి, గోడ పట్టుకోని నిలబడినాడు.

"నాకు బాగలేదు. నేను తోలలేను. సావుకారు ఇంట్లో పాలల్లో భంగు ఆకు నూరి కలిపినారు."

"భంగా? పోలీసోళ్ళు మిషను పెట్టి చూసి సున్నా అనిరి గదరా!" అనింది హనుమంతమ్మ. "మిషను కంటే నీకెక్కువ తెలుసునా?"

"చీర కట్టినాక ఆడోళ్ళ భయం కూడా వచ్చిందే ఈరమ్మకు!" అని ఎల్లమ్మ బుగ్గ నొక్కుకునింది. "పోనీయ్ నాయనా, పూజకు పొద్దుపోతాంది."

ఈరేషుకు ఏడుపొచ్చింది. నిజం చెప్తాంటే నమ్మరేమి? సర్కారు మిషను మంచోడని చెప్పినాక, నేను చెడ్డగున్నానని మనిషి మొత్తుకున్నా ఎవరికీ చెవికెక్కదు. ఇంకా ఏందో చెప్పబోయి, నోరు తెరిచినోడు తెరిచినట్టే ఆగిపోయినాడు. బజారి చేతిలో గ్లాసు కండ్లముందుకొచ్చింది. ఆ గ్లాసు ఎనకాల ట్రాలీ. ట్రాలీ ముందు సీట్లో కాళ్ళూపుకుంటా రాధిక.

"మల్లీ, బజారి కూడా తాగినాడు! పాప ఆ బండిలోనే ఉంది! ఫోను చెయ్!"

మల్లేశ్వరి మొగంలో నవ్వు తుడిచిపెట్టుకపోయింది. "వాని ఫోను పొద్దున రంగునీళ్ళల్లో పడె గదయ్యా. ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టొచ్చినాడు." అంతలోనే తనకు తానే ధైర్యం చెప్పుకునింది. "పోలీసులు ఆపుతారులే వాన్ని."

"ఆపుతారు, గొట్టం ఊదమంటారు, సున్నా వస్తాది, పో అంటారు! నన్ను పొమ్మన్నట్టే!" అని అరిచినాడు ఈరేషు. "పొమ్మంటే నేరుగా ఈడికే, ఈ గోడకాడికే వస్తాడు!"

కుచ్చెళ్ళు ఎగ్గట్టి పరిగెత్తినాడు. ఎనకాల మల్లేశ్వరి పరిగెత్తింది. ఎంత పరిగెత్తినా పోలీసులు దగ్గరికి రాలేదు. యాపచెట్టు మాదిరే వాళ్ళూ అక్కడెక్కడో చిన్నగా నిలబడిపోయినారు. ఎదురుగా వచ్చే ప్రతి బండీ ట్రాలీ మాదిరే కనపడతాంది. ఇంతలో బజారి దాటిపోయినాడేమో. దాటిపోతే నేను చూడనా? చూసి మర్చిపోయినానేమో! తన కండ్లను తాను నమ్మలేని మనిషికి ఇంక దిక్కేముంది? చీర కాళ్ళకు తట్టుకోని బోర్లా పడినాడు, గాజులు పగిలి మణికట్టుకు గుచ్చుకున్నాయి, లేచి మళ్ళీ పరిగెత్తినాడు.

"సార్, ట్రాలీ పోయిందా? పత్తిచెక్క మూటల ట్రాలీ, ముందర చిన్నపాప!"

"ట్రాలీలు ఎన్ని పోలేదప్పా!" అన్నాడు రాజశేఖర్. "నువ్వేంది మళ్ళీ వచ్చినావు?"

"నన్ను పట్టుకోండి సార్. నేను భంగు తాగినా. ఆ ట్రాలీ తోలేటోడు కూడా తాగినాడు. వాన్ని వదలద్దండి!"

పోలీసులు ఒకరి మొగం ఒకరు చూసుకోని నవ్వినారు. పండగపూట చీర కట్టినోడు, గాజులు పగిలినోడు, సున్నా వచ్చినోడు వచ్చి నన్ను పట్టుకోండి అంటే నవ్వకేం చేస్తారు? వాళ్ళ ఎనకాల జీపు దగ్గర నిలబడిన ఎస్సై ఉమాదేవి మాత్రం నవ్వలేదు. ఎమ్మిగనూరునుంచి బందోబస్తుకు వచ్చిన మనిషి. దగ్గరికొచ్చి ఈరేషు కండ్లల్లోకి చూసింది.

"కండ్లు మూసుకోని నిలబడు. అర నిమిషం అయిందని నీకు అనిపించినప్పుడు 'అయింది' అను."

ఈరేషు మూసుకున్నాడు. చీకట్లో రాధిక కాళ్ళు ఊగుతాండాయి. ఎన్నిసార్లు ఊగినాయో! ఎండాకాలం పోయి వానాకాలం వచ్చినంత సేపు నిలబడినాడు.

"అయింది మేడమ్."

ఉమాదేవి చేతిలో ఫోను అతనికి చూపించింది. పది సెకన్లు కూడా కాలేదు. ఈరేషు దాన్ని చూసి మేడమ్‌ను చూసినాడు. తన లోపల గడియారం అంత చెడిపోయిందని అప్పుడు తెలిసింది.

"నోట్లో ఎంగిలి పరీక్ష చేసే కిట్టు ఉంది," అనింది ఉమాదేవి. "ముందే చెప్తాండా విను. ఆకు తాగినావని గంజాయి కేసు పెట్టను. గానీ తాగి బండి తోలినావు, అది కేసే. కిట్టులో తేలితే బండి ఈడనే ఉంటాది, లైసెన్సు పోతాది, కోర్టు చుట్టూ తిరగల్ల. గొట్టంలో నీకు సున్నా వచ్చింది. కావాలంటే ఆటో ఆడనే పెట్టి ఇంటికి నడిచిపో. నిన్నెవరూ అడగరు."

"నడిచిపోతే, మీరు ఆ ట్రాలీని ఆపి కిట్టు పెడతారా?"

"గొట్టంలో సున్నా వచ్చినోన్ని ఉత్త మాటమీద ఎట్లా ఆపాల? ఒకే గిన్నెలోవి తాగినారంటాండావు. నీ ఎంగిట్లో తేలితే వాన్ని ఆపడానికి నాకు దారి ఉంటాది."

లైసెన్సు పోతే ఆటో లేదు. ఆటో లేకపోతే పత్తి చేలల్లోకి కూలికి పోవల్ల. అదంతా ఈరేషుకు తెలుసు. అయినా నోరు ఇంతగా తెరిచినాడు.

పుల్లకు దూది చుట్టినట్టున్నదాన్ని చెంపల్లో తిప్పి, తెల్లటి బిళ్ళలో గుచ్చినారు. అప్పటికి మల్లేశ్వరి రొప్పుకుంటా వచ్చి పడింది. బిళ్ళ చూసిందో లేదో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రాధిక కడుపులో పడినప్పుడు ఇట్లాంటి బిళ్ళలోనే రెండు గీతలు చూసుకునింది గదా.

"ఒకటే గీత! చూడయ్యా, ఒకటే గీత! ఏం లేదు నీకు, ఊరికే భయపడినావు!"

"అది వేరేమ్మా," అనింది ఉమాదేవి మెల్లగా. "ఇందులో రెండు గీతలు పడితేనే ఏం లేనట్టు. ఒకటే పడితే ఉన్నట్టు."

మల్లేశ్వరి రోడ్డుమీదనే కూలబడింది. ఈరేషు చేతులెత్తి దండం పెట్టినాడు. బతుకుదెరువు పోయినోడు దండం పెట్టడం ఆ పోలీసులు ఎన్నడూ చూసుండరు. "ఇప్పుడు ఆపండి మేడమ్, వాన్ని ఆపండి," అంటాండాడు.

ట్రాలీ వచ్చింది! దూరంనుంచే మూటలు కనపడినాయి. అది సక్కగానే వస్తాంది. సక్కగానే వస్తాందా? ఈరేషు కండ్లకు ఊగుతా వస్తాంది. మల్లేశ్వరి చేయి గట్టిగా పట్టుకున్నాడు. "మల్లీ, సక్కగా వస్తాందా అది? నువ్వు చెప్పు." "వస్తాంది, వస్తాంది," అనింది ఆమె. ఉమాదేవి రోడ్డుకు అడ్డంగా నిలబడి చేయెత్తింది. బండి ఆగింది.

బజారి దిగి, బావను చూసి బిత్తరపోయినాడు. గొట్టం ఊదినాడు, సున్నా. అయినా కిట్టు తీసేసరికి వానికి మండుకొచ్చింది.

"ఏంది బావా, నన్ను పట్టిస్తాండావా? సొంత బామ్మర్దిని?"

"నువ్వు తాగినావురా. నేను చూసినా. అలివేలమ్మ ఇచ్చిన గ్లాసు."

"నోరు తెరువు," అన్నాడు రాజశేఖర్. వాడు తెరిచినాడు. అందరూ బిళ్ళమీదికి వంగినారు. ఒక గీత పడింది. చూస్తాంటే దాని కిందనే రెండోది కూడా పడింది.

"ఏమీ లేదు," అనింది ఉమాదేవి.

"పాలు తాగుతానా నేను? చిన్నప్పట్నుంచీ ఆ వాసనకే కక్కుకుంటా!" అని ఎగిరినాడు బజారి. "సావుకారమ్మ కండ్లముందర ఇస్తే వద్దనలేక తీసుకుంటి గానీ!"

మల్లేశ్వరి నవ్వేసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేసినాయి ఆమెకు. రాజశేఖర్ కూడా నవ్వినాడు. ఉత్త పుణ్యానికి లైసెన్సు పోగొట్టుకున్నాడు పాపం అని అందరికీ అనిపించింది. పోతే పోయె. ఈరేషుకు గుండెమీదనుంచి బండ దించినట్టయింది. కొంగుతో మొగం తుడుచుకుంటా ట్రాలీ దగ్గరికి పోయినాడు.

తలుపు మీద చేయి పెట్టినాక గదా అడగాలని తోచింది.

"బజారీ, మరి ఆ పాలేం చేసినావు?"

"పాప దాహం అనింది. దానికే ఇచ్చినా. గ్లాసంతా తాగేసింది, బంగారుతల్లి. అప్పట్నుంచి ఒకటే నిద్ర."

రాధిక నిద్రపోలేదు. సీట్లో ఒక పక్కకు ఒరిగిపోయి, కండ్లు తెరుచుకోని ఉంది. కండ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయినాయి. ఊగే కాళ్ళు ఊగడం లేదు.

"పాపా! రాధీ! నాయన్ను రా!"

ఆ బిడ్డ చానాసేపటికి అతనివైపు చూసింది. నాలుక తిరగక తిరగక మాట వచ్చింది.

"నాయనా... మామ బండి పోవడం ల్యా. చెట్టు... ఎంతసేపైనా చెట్టు రాల్యా."

ఈరేషు పెట్టిన కేక కాలువ దగ్గరున్న హనుమంతమ్మకు కూడా వినపడిందంట. తల్లీ, ఏ బిడ్డకోసం ఈ చీర కట్టినానో ఆ బిడ్డకే పోసినావా! వద్దనకుండా తాగినా గదా, నీ మాట జవదాటలేదు గదా! నన్ను తీసుకో, నన్ను తీసుకోమ్మా! రోడ్డుమీద నిలబడి నెత్తిమీద సవరం పెరికి పారేసినాడు.

ఉమాదేవి అప్పటికే బిడ్డను ఎత్తి జీపులో మల్లేశ్వరి ఒళ్ళో పడుకోబెట్టింది. "ఎమ్మిగనూరు ఆసుపత్రికి పోనీయ్," అని డ్రైవరుకు చెప్పింది. ఈరేషు ఎక్కడానికి వస్తే రాజశేఖర్ మొదట అడ్డం పోయి, వాని మొగం చూసి, తనే చేయందించి ఎక్కించినాడు. "నిద్రపోనీయద్దండి," అనింది ఉమాదేవి ముందు సీట్లోంచి. "ఊపిరి చూస్తా ఉండండి. ఆగుతాందనిపిస్తే నాకు చెప్పండి."

జీపు కదిలింది. ఈరేషు బిడ్డ ముక్కుకింద వేలు పెట్టినాడు. వెచ్చగా తగిలింది. మళ్ళీ తగల్లేదు. తగల్లేదు. తగల్లేదు! "ఆగిపోయింది మేడమ్! ఆగిపోయింది!" అని గొంతు పగిలేటట్టు అరిచినాడు.

"వస్తాంది, సక్కగానే వస్తాంది!" అని మల్లేశ్వరి అతని చేయి తోసేసింది. "ఇప్పుడే గదా వచ్చింది, నా గుండె ఆపద్దయ్యా!"

ఈరేషు వేలు ఎనక్కి తీసుకున్నాడు. ఆ వేలుతో ఇంక పనిలేదు, తన లెక్కలో ఊపిరికీ ఊపిరికీ నడుమ బిడ్డ చచ్చిపోతాంది. రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

"మల్లీ, నువ్వే చూడు. ఒక్కో ఊపిరీ లెక్కపెట్టు. గట్టిగా పెట్టు, నాకు వినపడల్ల."

మల్లేశ్వరి బిడ్డ రొమ్ముమీద చేయి పెట్టింది. కండ్లనీళ్ళు కారతానే లెక్క మొదలుపెట్టింది. ఒకటి అనింది. రెండు అనింది. వంతెన వచ్చింది. గోడకు మొగం పెట్టుకోని నిలబడిన తన ఆటో, దాని పక్కన నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న తల్లి, ఎల్లమ్మ, అందరూ ఎనక్కి పోయినారు. మూడు అనింది. ఈరేషు నాలుగు కోసం ఎదురుచూసినాడు. రోడ్డంతా పోయింది, చేలు పోయినాయి, పొద్దు పోయింది, తన బతుకంతా పోయింది, నాలుగు రాలేదు. ఆమె నోరు తెరుస్తాందేమో అని ఆ నోరే చూస్తా కూర్చున్నాడు.

నాలుగు అనింది మల్లేశ్వరి.